మందిచ్చు చేయి

రాత్రి 8 గంటల వేళ ఒక జిల్లా ఆసుపత్రిలోని పురుషుల వార్డును ఊహించుకొనుడు. రోగుల బంధువులు భోజనపు గిన్నెలు కడిగి తెచ్చుకొనుచున్నారు. నర్సు మందుల బండిని మంచము వెంట మంచముగా త్రోసికొని వచ్చుచున్నది. ఒక్కొక్క రోగికి మాత్ర ఇచ్చి, నీళ్లు త్రాగించి, కాగితములో వ్రాసి ముందునకు సాగుచున్నది. కిటికీ ప్రక్క మంచముపై 70 ఏండ్ల వృద్ధుడొకడు పండుకొని యున్నాడు. గుండెజబ్బుతో కాళ్లకు నీరు పట్టి, ఆయాసముతో పదిరోజుల క్రిందట ఆసుపత్రిలో చేరినవాడు. అతనికి ఇయ్యవలసిన మాత్ర చాల చిన్నది. కందిగింజకంటె కొంచెము పెద్దది, అంతే. నర్సు ఆ మాత్రను వెంటనే ఇయ్యలేదు. స్టెతస్కోపును అతని ఎడమ రొమ్ము క్రింద ఆనించి, చేతి గడియారమును చూచుచు పూర్తిగా ఒక నిమిషము గుండె చప్పుళ్లను లెక్కించెను. 52 వచ్చెను. మరల లెక్కించెను. 52 మాత్రమే.

"తాతగారూ, అన్నము తిన్నారా?" అని ఆమె అడిగెను.

"సహించలేదమ్మా. ప్రొద్దుటినుండి కడుపులో త్రిప్పుచున్నది. ఆ దీపము చూడు, చుట్టును పసుపు పూసినట్లు కనబడుచున్నది" అని వృద్ధుడు చెప్పెను.

నర్సు మాత్రను తిరిగి బండిలో పెట్టెను. ప్రక్కన నిలుచున్న కొడుకు కిది నచ్చలేదు. "అదేమి సిస్టరుగారూ! డాక్టరుగారు రోజూ వేయుమని వ్రాసినారు గదా! మాత్ర మానినచో నాన్నకు మరల ఆయాసము రాదా?" అనెను. "ఆ సంగతి డాక్టరుగారినే అడుగుదము, బాబూ. ఆయన వచ్చి చూచువరకు ఈ మాత్ర ఇయ్యను" అని చెప్పి ఆమె ఫోను చేయుటకు వెళ్లెను.

కొడుకునకు కోపము వచ్చుట సహజమే. మందు వ్రాయువాడు డాక్టరు, ఇచ్చునది నర్సు అని లోకము అనుకొనును. వ్రాసిన మందును ఒకప్పుడు ఇయ్యక నిలుపుట కూడ ఆమె పనియేయని చాలమంది ఎరుగరు. ఆ చిన్న మాత్ర పేరు డిజాక్సిన్. దానికిని, గుండె చప్పుళ్లు లెక్కించిన ఆ నిమిషమునకును గల సంబంధము రెండు శతాబ్దములకు పైబడినది.

ఇంగ్లండు దేశపు పల్లెలలో ఫాక్స్‌గ్లవ్ అను మొక్క కలదు. దాని పూవులు ఊదారంగున గంటలవలె వ్రేలాడుచుండును. ఒక్కొక్క పూవు వ్రేలికి తొడుగుకొనుటకు సరిపోవును. అందువలననే 1542లో లియోన్‌హార్ట్ ఫుక్స్ అను జర్మను పండితుడు, లాటిను భాషలో వ్రేలు అను అర్థమునిచ్చు మాటనుండి దీనికి డిజిటాలిస్ అని పేరు పెట్టెను. చూచుటకు ముచ్చటగనే యుండును గాని, ఆకు మొదలు విత్తు వరకు మొక్క యంతయు విషము. నాటువైద్యులు దానిని పలువిధముల వాడుచుండిరి. కొందరికి మేలు కలిగెను. కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఎందులకు మేలు కలిగెనో, ఎందులకు ప్రాణము పోయెనో ఎవరును తేల్చి చెప్పలేకపోయిరి.

దానిని తేల్చినవాడు విలియం విథరింగు. ఇతడు 1741లో ష్రాప్‌షైరు ప్రాంతమున జన్మించి, బర్మింగ్‌హాము నగరమున వైద్యుడయ్యెను. వృక్షశాస్త్రమునందును మంచి పరిచయము గలవాడు. 1775లో ఒకరు అతనికి ఒక నాటుమందు సంగతి తెలిపి అభిప్రాయ మడిగిరి. ఒడలంతయు నీరు పట్టి వాచిన రోగులకు ష్రాప్‌షైరులోని ఒక వృద్ధురాలు రహస్యముగా ఇచ్చు మందది. పెద్ద వైద్యులు చేతులెత్తివేసిన రోగులును కొందరు దానివలన లేచి తిరిగిరట. తరువాతి కాలమున కొందరు ఆమెకొక పేరు కల్పించి కథలు కూడ అల్లిరి. విథరింగు గ్రంథములో మాత్రము ఆమె పేరు లేదు. ఆమె మందులో ఇరువదికి పైగా మూలికలుండెను. ఆ గుంపులో పనిచేయునది ఫాక్స్‌గ్లవ్ ఒక్కటియే యని విథరింగు గ్రహించెను.

మూలిక దొరికెను. ఇక పని పూర్తియైన దనుకొనుట పొరపాటు. అసలు పని అప్పుడే మొదలయ్యెను. తొలిదినములలో విథరింగు ఇచ్చిన మోతాదులు మిక్కిలి పెద్దవి. వెంటవెంటనే ఇచ్చుచు వచ్చెను. రోగులకు తీవ్రమైన వాంతులు కలుగుచుండెను. ఈ సంగతి అతడు దాచలేదు. కొంతకాలమునకు, వాంతి కానక్కరలేకయే తక్కువ మోతాదుతో నీరు తీయునని కనుగొనెను. వేరుకంటె ఆకు నమ్మదగినదని, ఆకు బలము కూడ ఋతువును బట్టి మారుచుండునని తెలిసికొని, మొక్క పూతకు వచ్చు సమయముననే ఆకు కోయించెను. కషాయము కాచినచో ఒకనాటి బలము మరునాటికి రాదు. కావున ఆకును ఎండబెట్టి, పొడిచేసి, తూచి ఇచ్చుట మేలని నిశ్చయించెను. పెద్దవారికి ఒకటి మొదలు మూడు గ్రెయినుల పొడి, రోజునకు రెండుసార్లు చాలునని తేల్చెను. గ్రెయిను అనగా నేటి లెక్కలో సుమారు 65 మిల్లీగ్రాములు.

పదియేండ్లు ఈ విధముగ పరిశీలించి, నూటయేబదికి పైగా రోగుల వృత్తాంతములను చేర్చి, 1785లో అతడొక గ్రంథము ప్రకటించెను. నయమైనవారి సంగతులతోపాటు నయము కానివారి సంగతులను కూడ అందులో వ్రాసెను. వైద్యగ్రంథములలో ఇట్టి నిజాయితీ ఆనాడు అంత సాధారణము కాదు. మందు మితిమీరినచో వాంతులగునని, వస్తువులు పసుపుగనో ఆకుపచ్చగనో కనబడునని, నాడి నెమ్మదించి నిమిషమునకు 35 వరకు దిగవచ్చునని అందులో కలదు. మూత్రముపైగాని, కడుపుపైగాని, నాడిపైగాని, ప్రేగులపైగాని మందు ప్రభావము తొలిసారి కనబడగనే ఆపవలెనని కూడ వ్రాసెను. వార్డులోని వృద్ధుడు దీపము చుట్టును పసుపు పూసినట్లున్న దనగానే నర్సు మాత్రను ఎందులకు వెనుకకు పెట్టెనో ఇప్పుడు తెలియుచున్నది గదా! విథరింగు 1799లో మరణించెను. బర్మింగ్‌హాములోని అతని స్మారకఫలకముపై ఫాక్స్‌గ్లవ్ మొక్క చెక్కబడి యున్నది.

అధికమైనచో అమృతమును విషమే యని తెలుగువారందురు. ఐరోపాలో పారసెల్సస్ అను వైద్యుడు 16వ శతాబ్దముననే ఇంచుమించుగా ఈ భావమునే ప్రకటించెను. కాని "అధికము" అనగా ఎంత? అది మందును బట్టి మారును, రోగిని బట్టి మారును. ఒక్క రోగికే నేడు సరిపోయినది వారము గడచునప్పటికి అధికము కావచ్చును. ఈ చివరి సంగతి కొంచెము వివరింపవలసి యున్నది.

మ్రింగిన మాత్ర కడుపులోను ప్రేగులలోను కరగి రక్తములో కలియును. రక్తము దానిని అవయవములకు చేర్చును. అదే సమయమున కాలేయము కొన్ని మందులను విరిచివేయుచుండును. మూత్రపిండములు కొన్నిటిని వడగట్టి బయటకు పంపుచుండును. అనగా శరీరము చిల్లిగల కుండవంటిది. రోజూ ఒక చెంబెడు నీరు పోయుచుందుము. చిల్లిగుండ నీరు కారుచుండును. మొదట కుండలో నీటిమట్టము పెరుగును. మట్టము పెరిగినకొలది కారుట కూడ ఎక్కువై, కొన్నాళ్లకు పోసినంతయు కారుచు మట్టము ఒకచోట నిలుచును. డిజాక్సిన్ విషయమున ఆరోగ్యవంతుని శరీరములోని మందు సగమగుటకు సుమారు ఒకటిన్నర దినము పట్టును. రోజునకొక మాత్ర ఇచ్చుచుండగా మట్టము నిలుకడకు వచ్చుటకు సుమారు వారము దినములు కావలెను. ఇప్పుడు చిల్లి పూడినదనుకొనుడు. మూత్రపిండములు దెబ్బతిన్నప్పుడు జరుగునది అదియే. మందు సగమగుటకు మూడు దినములకు పైగా పట్టును. పోయుట మాత్రము రోజూ చెంబెడే. కుండ పొర్లక తప్పదు. రోగి మోతాదు మించి ఒక్క మాత్రయైనను మ్రింగలేదు. డాక్టరు వ్రాసిన వ్రాతలో తప్పు లేదు. అయినను విషము పేరుకొనెను. వృద్ధులలో మూత్రపిండముల శక్తి వయస్సుతో సన్నగిల్లుచుండును గనుక ఈ ప్రమాదము వారికి ఎక్కువ.

డిజాక్సిన్‌కు హద్దు కూడ చాల ఇరుకు. గ్రాములో నూరుకోట్లవ వంతును నానోగ్రాము అందురు. గుండె బలహీనమైనవారికి ఒక మిల్లీలీటరు రక్తములో ఒక నానోగ్రాముకు లోపుగ డిజాక్సిన్ ఉన్నను చాలును. రెండు దాటినచో విషలక్షణములు కనబడవచ్చును. రక్తములో పొటాసియము తగ్గినప్పుడు అంతకు లోపుననే కనబడవచ్చును. క్రొత్త మందులు వచ్చిన పిదప దీని వాడుక తగ్గినది గాని పోలేదు. నేటికిని ఈ మందు ఇచ్చుటకు ముందు గుండె చప్పుళ్లను పూర్తిగా నిమిషముసేపు లెక్కించుట నర్సు విద్యార్థినులకు తొలియేటనే నేర్పుదురు. పావు నిమిషము లెక్కించి నాలుగింతలు చేయుట పనికిరాదు. గుండె లయ తప్పి కొట్టుకొనుచున్నప్పుడు ఆ లెక్క మోసము చేయును. పెద్దవారికి 60కి తక్కువయైనచో మందు ఆపి డాక్టరుకు తెలుపుట సాధారణ నియమము. పసిపిల్లల నాడి సహజముగనే వేగము గలది గనుక వారికి ఆ హద్దు ఇంకను పైన నుండును.

ఆకుపొడిని తూచుకొను కాలము పోయినది. 1930లో సిడ్నీ స్మిత్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఫాక్స్‌గ్లవ్ జాతికే చెందిన మరియొక మొక్క ఆకులనుండి డిజాక్సిన్‌ను శుద్ధరూపమున వేరుచేసెను. నాటినుండి ఋతువును బట్టి బలము మారు చిక్కు తీరినది. ఒక్కొక్క మాత్రలో సాధారణముగా 0.25 మిల్లీగ్రాముల మందుండును. జ్వరమునకు వేసికొను పారాసిటమాల్ మాత్రలో 500 మిల్లీగ్రాములుండును. అనగా దానికి ఇది రెండువేలవ వంతు. ఈ స్వల్పమైన మోతాదు క్రొత్త ప్రమాదమును తెచ్చిపెట్టినది. అది బిందువు.

ఒక డాక్టరు తొందరలో సున్న విడిచి .25 అని వ్రాసెననుకొనుడు. కలము సరిగా పలుకక బిందువు మాసిపోయినచో అది 25 అగును, నూరు రెట్లు. 1 అని వ్రాయవలసినచోట 1.0 అని వ్రాసి, బిందువు కనబడకున్నచో 10 అగును, పది రెట్లు. అందుచేత బిందువునకు ముందు సున్న తప్పక వ్రాయవలెనని, పూర్ణసంఖ్య తరువాత బిందువును సున్నయు వ్రాయరాదని ఆసుపత్రులలో నియమము చేసిరి. సున్న విలువ కనుగొన్న దేశములో పుట్టినవారికి ఈ నియమము మరింత ముచ్చటగా తోచవలెను. ప్రమాదము పసిపిల్లల విషయమున ఇంకను హెచ్చు. పిల్లలకిచ్చు ద్రవమందులో అర మిల్లీలీటరు ఇయ్యవలసినచోట 5 మిల్లీలీటర్లు పోయుట కంటికి పెద్ద తేడాగా తోచదు. రెండును ఒక చిన్న సిరంజిలో పట్టునవే. కనుకనే ఇట్టి మందులను ఒక నర్సు లెక్కగట్టిన పిదప రెండవ నర్సు ఆ లెక్క చూడకయే స్వయముగా మరల లెక్కగట్టును. రెండు లెక్కలును కలిసిననే మందు పిల్లవాని నోటికి చేరును.

సరియైన రోగికి, సరియైన మందు, సరియైన మోతాదులో, సరియైన మార్గమున, సరియైన వేళకు అని నర్సులు వల్లెవేయుదురు. వల్లెవేయుట సులభము. మొదటి మాట నే తీసికొందము. తెలుగుదేశపు వార్డులో ఇద్దరు వెంకటేశ్వరరావులుండుట వింత కాదు, ముగ్గురున్నను ఉందురు. "మీరు వెంకటేశ్వరరావుగారేనా?" అని అడిగినచో సగము నిద్రలో నున్న రోగి, చెవులు సరిగా వినబడని రోగి ఊ అని తల ఊపును. అందువలన "మీ పేరు చెప్పండి" అని అడిగి, అతడు చెప్పిన పేరును, చేతిపట్టీపైని సంఖ్యను కాగితముతో సరిచూడవలెను. మందు పేరును మూడుసార్లు చదువవలెను. అరలోనుండి తీయునప్పుడు, మోతాదు కొలుచునప్పుడు, సీసాను తిరిగి పెట్టునప్పుడు. డోపమీన్, డోబ్యూటమీన్ అని రెండు మందులు కలవు. రెండును గుండెకు సంబంధించినవే, రెండును నరములోనికి ఎక్కించునవే. పని మాత్రము వేరు. అలసిన కన్ను మొదటి అక్షరమును చూచి మిగిలినది తానే పూరించుకొనును. అందుకే మూడుసార్లు. మందుల వేళ నర్సును ఎవరును పలుకరింపకుండుటకై కొన్ని దేశముల ఆసుపత్రులలో ఆమెకు ప్రత్యేకమైన రంగు అంగీ తొడుగుదురు. ఆమె చేతిలో మందున్నంతసేపు మంచము దుప్పటి గురించి అడుగుట కూడ ప్రమాదమే.

మోతాదు సరిగానున్నను కొలుచు సాధనము సరిపడకున్నచో ఏమగునో ఇన్సులిన్ తెలుపును. మధుమేహమునకు వాడు ఈ మందును యూనిట్లలో కొలుతురు. భారతదేశములో మిల్లీలీటరునకు 40 యూనిట్లుండు సీసాలును, 100 యూనిట్లుండు సీసాలును కలవు. మొదటిదానికి ఎఱ్ఱమూత సిరంజి, రెండవదానికి నారింజరంగు మూత సిరంజి. 100 యూనిట్ల సీసాలోనుండి ఎఱ్ఱమూత సిరంజితో తీసినచో, సిరంజిపై 40 గీత వరకు లాగినప్పుడు లోపలికి వచ్చునది 100 యూనిట్లు. రోగికి రెండున్నర రెట్ల మందు పడును. రక్తములో చక్కెర ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పును. ఇంటిలో తమంతట తామే సూది వేసికొను పెద్దలు లక్షలకొలది కలరు గనుక ఈ మూతరంగుల సంగతి వారికి నేర్పుట నర్సులకు మందిచ్చుటతో సమానమైన పని.

తెలుగువారికి గర్వకారణమైన మందొకటి ఇట్టి జాగ్రత్తనే కోరును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికాకు వెళ్లి, పేదరికముతో పోరాడుచు పరిశోధన సాగించిరి. లెడర్లీ పరిశోధనశాలలో ఆయన నడిపిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసి, పిదప ఆ ఆమ్లము పనిని అడ్డగించు మందులను కూడ రూపొందించెను. వానిలో ఒకటి మెథోట్రెక్సేట్. 1948లో సుబ్బారావుగారు కన్నుమూసిరి. ఆయన బృందపు మందు మాత్రము రక్తపు క్యాన్సరు మొదలగు వ్యాధులతో నేటికిని పోరాడుచునే యున్నది. చిన్న మోతాదులో అదే మందు తీవ్రమైన కీళ్లవాతమునకు కూడ పనిచేయును. అయితే కీళ్లవాతమునకు దీనిని వారమున కొక్కదినము మాత్రమే వేసికొనవలెను. రోజూ మాత్రలు వేసికొను అలవాటు గలవారు దీనిని కూడ రోజూ వేసికొనుటచే ఎముకలలోని మజ్జ రక్తకణములను తయారుచేయుట మాని, మరణములు సంభవించిన సంగతులు పలు దేశములలో నమోదైనవి. వారమున కొకసారి అని వ్రాసిన చాలదు. "ఆదివారము" అనియో "బుధవారము" అనియో దినము పేరే వ్రాయవలెనని నేడు చెప్పుదురు. వారములో ఏడు దినములుండును గాని బుధవారము ఒక్కటియే గదా!

ఇండ్లలోని మందులపెట్టెను గూర్చి కూడ ఒకమాట చెప్పవలెను. పసిపిల్లల జ్వరమునకు వాడు పారాసిటమాల్ సాధారణముగా రెండు రూపముల దొరకును. చుక్కలమందులో ఒక మిల్లీలీటరునకు 100 మిల్లీగ్రాములుండును. సిరపులో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములే యుండును. అనగా చిన్న సీసాలోని మందే చిక్కనిది. సిరపు కొలతతో చుక్కలమందు 5 మిల్లీలీటర్లు పోసినచో 500 మిల్లీగ్రాములు, అనగా నాలుగురెట్లు పడును. మితిమీరిన పారాసిటమాల్ కాలేయమును చెరచును. ఇక వంటయింటి చెంచాలు ఏ రెండును ఒక్క కొలత గలవి కావు. మందుతోపాటు వచ్చిన కొలతమూతను పారవేసి చెంచా వెదకుట పల్లెలలోను పట్టణములలోను సమానముగ జరుగుచున్న పొరపాటు.

ఇట్టి పొరపాట్లు ఏ ఒక్క దేశమునకో పరిమితములు కావు. 2017లో ప్రపంచ ఆరోగ్యసంస్థ, మందుల వలన కలుగు నివారింపదగిన తీవ్రహానిని అయిదేండ్లలో సగమునకు తగ్గింపవలెనని అన్ని దేశములకును పిలుపునిచ్చెను. వారి అంచనా ప్రకారము మందుల పొరపాట్లవలన ప్రపంచమునకు ఏటేట అగు వ్యయము 42 వందల కోట్ల డాలర్లు. పొరపాటు చేసినవారిని శిక్షించుటతోనే అది తగ్గదని ఆసుపత్రులు ఆలస్యముగానైనను గ్రహించినవి. శిక్షకు భయపడి నర్సు తప్పును దాచినచో మరునాడు మరియొకరు అదే తప్పు చేయుదురు. తప్పు తెలియగనే చెప్పినచో రోగికి విరుగుడైనను ఇయ్యవచ్చును. డిజాక్సిన్ విషమునకు కూడ విరుగుడు కలదు.

కిటికీ ప్రక్కనున్న వృద్ధునకు విరుగుడు అవసరము రాలేదు. ఆ రాత్రి డాక్టరు వచ్చి, గుండె విద్యుత్‌రేఖలు తీయించి, రక్తపరీక్ష వ్రాసెను. మూత్రపిండముల పని తగ్గినట్లు మరునాడు తేలెను. డిజాక్సిన్ ఆపివేసిరి. నర్సు ఆ రాత్రి కాగితములో "ఇయ్యలేదు, గుండె 52, వాంతి వచ్చునట్లున్నది, పసుపుగా కనబడుచున్నదని చెప్పినాడు, డాక్టరుకు 8 గంటల 10 నిమిషములకు తెలిపితిని" అని వ్రాసి సంతకము చేసి, తరువాతి మంచము వద్దకు వెళ్లెను.

వారము తిరుగునప్పటికి వృద్ధుడు గంజి త్రాగి, మజ్జిగన్నము కావలెనని అడుగుచుండెను. దీపము తెల్లగనే కనబడుచున్నదట. డాక్టరు మోతాదు సగమునకు తగ్గించి 0.125 మిల్లీగ్రాములని, సున్న విడువకుండ, వ్రాసెను. రాత్రి 8 గంటలకు నర్సు బండితో వచ్చి స్టెతస్కోపు తీసెను. కొడుకు ఈసారి మాటాడలేదు. ఆమెతోపాటు గోడగడియారము వంక చూచుచు నిలుచుండెను. నిమిషము నిండెను. "68" అని ఆమె చెప్పి, మాత్రను వృద్ధుని అరచేతిలో పెట్టెను. కొడుకు నీళ్లగ్లాసు అందించెను.